కొర్రమట్ట వండిన రోజు

ఆ ఏడు మిరుగం ఇంకా కొద్ది రోజులుందనగా మా బడి వెనక కుంటలో చేపలు చచ్చి తేలాయి. మిరుగమంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు. హైదరాబాదులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఆ రోజు పొయ్యి మీద చేపల కూర ఉడకని ఇల్లు అరుదు. ఏడాదంతా లేని గిరాకీ ఆ ఒక్క పూట ఉంటుంది. అందుకని మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మధ్య ఊళ్లలో చేపలు పట్టేవాళ్లు ఎండాకాలమంతా వల ముట్టకుండా, కుంటలో మిగిలిన కాసిని నీళ్లలో చేపల్ని మిరుగం కోసం సాకుతారు. అలా సాకిన చేపలే ఒక తెల్లవారి పొట్టలు పైకి పెట్టి కనిపించాయి.

వేసవి సెలవులు ఇంకా అయిపోలేదు. బడికి రాని పిల్లల్ని వెతుక్కుంటూ టీచర్లం ఇల్లిల్లూ తిరిగే రోజులవి. బడిబాట అంటారు దాన్ని. నేను ఆ పని మీదే కుత్బుల్లాపూర్‌లో బస్సెక్కి, మేడ్చల్‌లో ఆటో మారి ఊళ్లో దిగాను. దిగగానే వాసన కొట్టింది. కట్ట మీద ఊరంతా ఉంది. ఆడవాళ్లు నెత్తిన కొంగేసుకుని కూర్చుని ఏడుస్తున్నారు. మోచేతి పొడవు బొచ్చెలు, రవ్వలు ఒడ్డున గుట్టలు పడి ఉన్నాయి. "ఎవడో మందు కలిపిండు" అన్నారు ఎవరో. కాసేపట్లోనే ఆ ఎవడో ఎవరన్నది ఊరు తేల్చేసింది.

కుంటను ఆనుకుని వంకాయ తోట పెట్టుకున్న ముసల్మాను రైతు ఒకాయన ఉన్నాడు. తాతల నాటి నుంచీ ఆ ఊరివాళ్లే. ముందు రోజు సాయంత్రం ఆయన తోటకు పురుగుమందు కొట్టి, పంపును కుంట అంచున కడిగాడు. కడుగుతుంటే చూసినవాళ్లున్నారు. చేపలు పట్టేవాళ్ల సంఘానికి పెద్ద అయినాయన కట్ట మీదే నిలబడి తీర్పు చెప్పేశాడు. ఇకమీదట ఆ రైతు కుంట నీళ్లు ముట్టుకోవద్దు, అతని తోటకు ఎవరూ కూలికి పోవద్దు, అతనితో ఎవరూ మాట్లాడొద్దు. కుంట నీళ్లు లేకపోతే ఆ తోట నిలవదని అందరికీ తెలుసు. పాలు పోసే ఆమె కూడా మర్నాటి నుంచి ఆ గుమ్మం ముందు ఆగడం మానేసింది.

ఆ రైతు కూతురు పదో తరగతికి వచ్చింది. సంఘం పెద్ద కూతురూ అదే తరగతి. చిన్నప్పటి నుంచీ ఒకే బెంచీ మీద పెరిగిన పిల్లలు. నేను వాళ్లకు జీవశాస్త్రం చెప్పేదాన్ని. బడి తెరిచాక సంఘం పెద్ద కూతురు వచ్చింది గానీ రైతు కూతురు రాలేదు. నాలుగు రోజులు చూసి వాళ్లింటికి నేనే వెళ్లాను.

ఆయన మంచం వాల్చి కూర్చోమన్నాడు. ఆయన భార్య తలుపు వెనక నిలబడి ఉంది. కుత్బుల్లాపూర్‌లో ఆమె తమ్ముడికి ఏదో ఫ్యాక్టరీలో ఉద్యోగం, అక్కడికి పోదామని ఆమె పోరుతోందట.

"నేను పోను మేడం. పోతే నేనే జేసినట్టయితది గద. నా మీదికెల్లి గీ మాట పోవాలె, మేం ఈడనే ఉండాలె. గంతే నాక్కావాల్సింది" అన్నాడు.

"మిమ్మల్ని అన్నేసి మాటలన్నారు, మీకు కోపం రాలేదా?" అని అడిగాను. నాకైతే వినడానికే ఒళ్లు మండుతోంది.

"ఎందుకు రాదు మేడం? గని పాపం ఆళ్ల చేపలు పోయినయి. మిరుగం ముంగట పోయినయి. కడుపు మండి అన్నరు. నేను మందు కలిపిన్ననే నమ్మిన్రు. నమ్మినోళ్ల మీద ఎంత కోపం పెట్టుకుంట?"

ఆయన స్థానంలో నేనుంటే ఊరు ఊరంతటికీ శాపనార్థాలు పెట్టేదాన్ని.

రేపటి నుంచి అమ్మాయిని పంపిస్తానని మాట తీసుకుని బయటికొచ్చాను. ఆ పిల్ల నా వెనకే గేటు దాకా వచ్చింది. తండ్రికి వినపడకుండా మెల్లగా అడిగింది.

"మేడం, పంపు కడిగిన నీళ్లకు గన్ని చేపలు సస్తయా?"

అప్పుడర్థమైంది. ఊరు అనడం ఒక ఎత్తు, తండ్రే చేశాడేమోనని ఆ పిల్ల లోపల లోపల కుమిలిపోవడం ఒక ఎత్తు. చావవు అని చెప్పేసి ఉండొచ్చు. కానీ నాకు నిజంగా తెలియదు. తెలుసుకుని చెప్తానన్నాను.

మా బడిలో ప్రయోగశాల అంటే తాళం వేసిన ఒక బీరువా. కంప్యూటర్లున్నాయి గానీ ఇంటర్నెట్టు లేదు. నేను సొంతంగా ఒక డేటా కార్డు కొనుక్కుని, వరండా చివర సిగ్నలు అందే మూలన కుర్చీ వేసుకుని, పాత ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. హెడ్మాస్టరు అటు వెళ్తూ "మేడం చేపలు పడుతున్నరా?" అని ఎగతాళి చేసేవారు. అప్పటికి ఏడాదిగా నేను ఇంటర్నెట్టులో సైన్సు టీచర్ల గుంపు ఒకదాంట్లో ఉన్నాను. రాష్ట్రం నలుమూలల నుంచి టీచర్లు. ఎవరి ముఖం ఎవరూ చూసింది లేదు. పుచ్చిన చిక్కుడు గింజతో ఏ పాఠం చెప్పొచ్చు, లిట్మసు కాగితం లేకపోతే మందారప్పూలతో ఎలా సర్దుకోవచ్చు, ఇలాంటివి రాసుకునేవాళ్లం. ప్రాంతాల పేరుతో మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేస్తున్న రోజులవి. ఆ గుంపులో మాత్రం ఆ ఊసెత్తకూడదని ఎవరూ చెప్పకుండానే అందరం అనుకున్నాం.

చేపల సంగతంతా తెలుగులో టైపు చేసి పెట్టాను. సాయంత్రానికి బోలెడు జవాబులు. ఒకాయన పురుగుమందుల మీద ఉపన్యాసం దంచాడు. ఇంకొకాయన ఎక్కడిదో వ్యాసం తెచ్చి అతికించాడు. ఊళ్లో ఒక మనిషి బతుకు వేలాడుతుంటే వీళ్లకు పాండిత్య ప్రదర్శన కావాల్సి వచ్చిందా అని విసుక్కున్నాను. ఆఖరున ఒకావిడ రాసింది. కొల్లేటి వైపు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ జవాబు రాయలేదు, ప్రశ్నలు రాసింది.

"చేపలు ఏ వేళప్పుడు చచ్చాయి? పెద్దవి ముందు పోయాయా, చిన్నవా? అంతకు ముందు రోజుల్లో ఆకాశం ఎలా ఉంది? చెరువులో ఏం వేశారు? కప్పలు, నత్తలు చచ్చాయా? కొర్రమేను కూడా చచ్చిందా? వీటికి మీరు జవాబులు రాయకండి. పిల్లల్ని అడిగి రాయండి. చూసింది వాళ్లు."

మర్నాడు ఆ ప్రశ్నలన్నీ బోర్డు మీద రాశాను. కొర్రమేను అని రాసి, మా పిల్లలకు తెలిసేలా కొర్రమట్ట అని దిద్దాను. రైతు కూతురు వచ్చి మొదటి బెంచీలో ఒక్కతే కూర్చుంది. ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. తరగతిలో సగం మంది చేపలు పట్టేవాళ్ల పిల్లలే. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని పిల్లలకు తెలుసు, అయినా ఎవరూ చెయ్యెత్తలేదు.

కాసేపటికి సంఘం పెద్ద కూతురు లేచి నిలబడింది. చదువులో చురుకైన పిల్ల. ప్రశ్న కనిపిస్తే జవాబు చెప్పకుండా ఉండలేదు.

"తెల్లారంగ పోయినయి మేడం. పెద్దయే ముందుగాల మూతులు పైకి పెట్టినయి. చిన్నయి తర్వాత పోయినయి. రెండు దినాలకెల్లి మబ్బు పట్టి ఉండె, గాలి లేకుండె."

"కుంటలో ఏం వేశారు?"

"కోళ్ల ఎరువు మేడం. ప్రతి ఏడు ఏస్తం. నీళ్లు పచ్చగయితె చేపలు మంచిగ పెరుగుతయి. ఈసారి మిరుగానికి బరువు రావాలెనని మా బాపు మస్తు ఏయించిండు."

మా వైపు కోళ్ల ఫారాలకు లెక్కలేదు. అక్కడి ఎరువును ట్రాక్టర్లతో తెచ్చి కుంటల్లో పోయడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. అందులో తప్పేమీ లేదు కూడా, నీళ్లు నిండుగా ఉన్నప్పుడు.

"మరి కొర్రమట్టలు?"

"కప్పలు, నత్తలు సావలేదు మేడం. కొర్రమట్టలు గూడ సావలేదు. నీళ్లు తక్కువున్నయి గద, చేతులతోనే దొరికినయి. గా దినం మా గల్లీల అందరిండ్లల్ల గవే వండుకున్నరు."

ఆ పిల్ల కూర్చుంది. నేను గబగబా రాసుకున్నాను. నా బుర్ర అంతా ఆ చేప ఎందుకు బతికిందన్న దాని మీదే ఉంది.

కొల్లేటి ఆవిడ ఆ సాయంత్రమే రాసింది. మిగతా చేపలు నీళ్లలో కరిగిన గాలితో బతుకుతాయి. కొర్రమేను మూతి పైకి పెట్టి బయటి గాలి మింగగలదు. విషం కలిస్తే అదీ పోయేది, కప్పలూ నత్తలూ పోయేవి, చిన్న చేపలు ముందు పోయేవి. పెద్దవి ముందు, అదీ తెల్లవారుజామున, కొర్రమేను తప్ప అన్నీ పోయాయంటే నీళ్లలో గాలి అయిపోయిందన్నమాట. తక్కువ నీళ్లు, ఎక్కువ ఎరువు, ఎరువును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఉన్న గాలంతా తాగేశాయి, మబ్బు పట్టి నాచు కొత్త గాలి తయారు చెయ్యలేకపోయింది. "అలాగని పంపు కడిగిన నీళ్లు మంచివని కాదు. చెరువులో కడగొద్దని ఆయనకు గట్టిగా చెప్పండి" అని కూడా రాసింది.

ఊరికి చెప్తే నమ్మరని నాకు తెలుసు. అదే రాశాను. అప్పుడు గుంపంతా కదిలింది. నీళ్లలో గాలి అయిపోతే రంగు పోయే మెథిలీన్ బ్లూ అనే నీలిరంగుతో కళ్లకు కట్టినట్టు చూపించొచ్చని ఒకరు చెప్పారు. రంగు చేపలమ్మే దుకాణాల్లో దొరుకుతుందని ఇంకొకరు. ఆదిలాబాద్ వైపు టీచరొకాయన తన ఊరి నీళ్లతో చేసి చూసి, నీళ్లలో ఎరువు ఎంత కలపాలో రాశాడు. ఎరువు కలపని సీసా కూడా పక్కన పెట్టకపోతే మీ వాళ్లు సందేహిస్తారని ఒకావిడ హెచ్చరించింది. మొదటి రోజు నేను విసుక్కున్న ఉపన్యాసాల ఆయన కూడా సీసాలో గాలి బుడగ మిగలకుండా ఎలా నింపాలో ఓపికగా వివరించాడు. ముఖాలు తెలియని ఇంతమంది మా ఊరి కుంట గురించి ఇంతగా ఆలోచిస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి.

సుచిత్ర చౌరస్తా దగ్గర దుకాణంలో ఆ నీలిరంగు కొని తీసుకెళ్లాను. ప్రయోగానికి ఎవరు ముందుకొస్తారంటే ఆ ఇద్దరు పిల్లలే లేచారు. మాట్లాడుకోకుండానే పని చేశారు. ఒకరు సీసా పట్టుకుంటే ఇంకొకరు నీళ్లు పోశారు. ఉత్త కుంట నీళ్లు ఒకదాంట్లో, ఎరువు కలిపినవి ఒకదాంట్లో, రెంటిలోనూ కాసిని నీలిచుక్కలు. మూతలు బిగించి కిటికీలో పెట్టి ఇళ్లకు పోయాం.

మర్నాడు ఉత్త నీళ్ల సీసా నీలంగానే ఉంది. ఎరువు సీసాలో రంగు లేదు. ఆ నీళ్లు కొంచెం ఒంపి, గాలి పోనిచ్చి, మూత పెట్టి గట్టిగా కుదిపితే నీలం మళ్లీ వచ్చింది. పిల్లలందరూ ఒకరి తర్వాత ఒకరు కుదిపి చూశారు. రైతు కూతురు సీసాను రెండు చేతులతో పట్టుకుని, "అయితే సంపింది మా అబ్బా కాదు" అంది. ఎవరికో చెప్పినట్టు లేదు, తనకే చెప్పుకున్నట్టుంది. సంఘం పెద్ద కూతురు ఆమె ముఖంలోకి చూసింది, తర్వాత నా వైపు తిరిగింది.

"గిది మా బాపుకు సూపియ్యాలె మేడం."

"ఆలోచించుకున్నావా? ఎరువు వేయించింది మీ నాయనే."

"నిజమే గద మేడం."

ఆ ఆదివారం సంఘం వాళ్లు బడి వరండాలోకి వచ్చారు. ఆ పిల్ల ఎలా ఒప్పించి తీసుకొచ్చిందో నాకు తెలియదు. రైతును నేను పిలిచాను. వచ్చి స్తంభం పక్కన దూరంగా నిలబడ్డాడు. ఆయన కూతురు, సంఘం పెద్ద కూతురు కలిసి సీసాలు ముందు పెట్టి అంతా చెప్పారు. నేను మధ్యలో మాట్లాడలేదు. సంఘం పెద్ద సీసా తీసుకుని తానే కుదిపాడు. నీలం వచ్చింది. ఇంకోసారి కుదిపాడు. "అంటె మన చేపలను మనమే సంపుకున్నమా?" అంది వెనక నుంచి ఒక అవ్వ.

సంఘం పెద్ద సీసా కింద పెట్టాడు.

"ఇగ నువ్వు కుంట నీళ్లు పెట్టుకో భాయ్. కూలోళ్లొస్తరు. అయిందేదో అయింది" అన్నాడు.

నాకు గుండెల మీంచి బరువు దిగింది. రైతు ముఖంలో కూడా ఎన్నో రోజుల తర్వాత వెలుగు చూశాను. ఆయన దగ్గరికొచ్చి సీసాలను చూస్తూ, కొర్రమట్ట సంగతి ఇంకోసారి చెప్పమన్నాడు. విషమైతే అదీ చచ్చేదని, గాలి లేకపోవడం వల్ల కాబట్టి అది బతికిందని చెప్పాను. ఆయన తలూపుతూ విన్నాడు. తలూపడం మధ్యలో ఆగిపోయింది. సంఘం పెద్ద కూతురి వైపు తిరిగాడు.

"బిడ్డా, కొర్రమట్టలు బతికున్నయని నీకెట్ల ఎరుక?"

"పట్టుకొచ్చిన్రు చాచా. గా దినం వండినం."

"ఎవరు పట్టుకొచ్చిన్రు?"

ఆ పిల్ల తండ్రి వైపు చూసింది.

"బాపు" అంది.

రైతు సంఘం పెద్దకు ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"అన్నా, పొద్దుగాల కట్ట మీద నిలబడి నీళ్లల్ల నేను విషం కలిపిన అన్నవు. పగటీలి గదే నీళ్లల్ల చేపను తెచ్చి నీ పిల్లలకు పెట్టినవు."

సంఘం పెద్ద నేల చూశాడు. వరండాలో ఉన్న మగవాళ్లలో ఒక్కరు కూడా తలెత్తలేదు. ఆ రోజు ఆ గల్లీలో కొర్రమట్ట వండని ఇల్లు లేదు. నేను వారం రోజులుగా ఆ చేప ఊపిరి గురించి చదువుతున్నాను, పిల్లలకు బొమ్మలు గీసి చెప్పాను. దాన్ని తిన్నవాళ్ల గురించి నాకు తట్టనే లేదు. ఆయన మాత్రం ఒక్క నిమిషంలో అక్కడికి చేరాడు. తువ్వాలు భుజాన వేసుకుని, కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

పది రోజులు తిరక్కుండానే ఆయన కూతురి టీసీ కోసం బడికొచ్చాడు. కుత్బుల్లాపూర్ పోతున్నారు. బావమరిది పనిచేసే చోటే ఆయనకూ పని దొరికింది. తోట కౌలుకిచ్చేశాడు. నేను ఆయనతో గొడవే పెట్టుకున్నాను.

"నిందంతా పోయింది కదా. నీళ్లొచ్చాయి, కూలివాళ్లొచ్చారు. ఉండాలన్నది మీరే. ఇప్పుడెందుకు పోతున్నారు?"

"తెలువక అన్నరనుకున్నన్ని దినాలు ఉండబుద్ధయింది మేడం. ఆళ్లు నమ్మలే. తప్పు తమ మీదికి రాకుంట నన్ను ముంగట పెట్టిన్రు. తెలిసి అన్నోళ్ల నడుమ నా బిడ్డను ఎట్ల పెంచాలె?"

అమ్మాయిని చదివిస్తానని నేను అడక్కుండానే మాటిచ్చాడు. ఆ పిల్ల నా కాళ్లకు దండం పెట్టబోతే ఆపి దగ్గరికి తీసుకున్నాను. పంపు కడిగిన నీళ్ల సంగతి తేలినందుకు సంతోషమేనా అని అడగాలనిపించింది. అడగలేదు.

వాళ్లు ట్రాలీ ఆటోలో సామాను వేసుకుని పోయిన రోజు సంఘం పెద్ద కూతురు స్టాఫ్‌రూము గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి ముఖమంతా వాచి ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మేడం, నేను కొర్రమట్టల సంగతి చెప్పకపోతె ఆళ్లు ఉండెటోళ్లా?"

ఏ టీచరైనా ఏం చెప్పాలో నాకు తెలుసు. నువ్వు నిజం చెప్పావమ్మా, అందులో నీ తప్పేమీ లేదని చెప్పాలి. ఆ మాట చెప్పాను కూడా. కానీ ఆ పిల్ల అడిగింది అది కాదు. జవాబు కోసం నా ముఖంలోకే చూస్తూ నిలబడింది.

"ఉండేవాళ్లే" అన్నాను.

ఆమె తలూపి క్లాసుకు వెళ్లిపోయింది.